పోరంకి ఇంటికి అడ్వాన్సు ఇచ్చేముందు

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాం. ఇల్లు బాగుంది, వంటగది మరీ నచ్చింది. అయినా రేపే అడ్వాన్సు ఇచ్చేస్తానని తొందరపడకు. బ్రోకర్లు ఇల్లెప్పుడూ ఎండకాసే ఆదివారమే చూపిస్తారు. మీరు ఉండాల్సింది వానాకాలం సోమవారాల్లో.

ముందు నేల సంగతి. విజయవాడ పక్కన మా పోరంకి, పెనమలూరు వైపు ఇప్పుడు ఇళ్ళున్న చోట చాలావరకు ఒకప్పుడు మాగాణి. మెరక తోలి ప్లాట్లు వేశారు. ఆ పొలాల్లోని బోదెలు, మురుగు కాలవలు ఏమయ్యాయో చాలాచోట్ల ఎవరికీ పట్టలేదు. ఆ వీధిలో పాతవాళ్ళెవరైనా ఉంటే వాన నీళ్ళు ఎటు పోతాయో అడుగు. వాళ్ళు తడుముకుంటే ఎటూ పోవనే లెక్క.

మా ఇంటి కథ నీకు తెలిసిందేగా. కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి లోపలికి వెళ్ళేవాళ్ళం. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు, ఇప్పుడు గేటు తీసి కిందికి దిగుతున్నాం. నాలుగు చినుకులు పడితే చాలు, మీ పెదనాన్న ఇసుక బస్తా లాక్కుంటూ గేటు దగ్గరికి పరుగు. అందుకని ఆ ఇంటి అరుగు రోడ్డుకి ఎంత ఎత్తులో ఉందో అల్లుడిని టేపు పెట్టి కొలవమను.

ఎనికేపాడు వైపు చూసిన ఇంకో ఇల్లు చౌకన్నావు. ఆ పక్కనుంచే బుడమేరు వాగు పోతుంది. 2024 సెప్టెంబరులో దానికి గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్‌లో వాన తగ్గాక కూడా రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ఆ ఇంటి గోడమీద నీటి చార ఉందేమో చూడు. కొత్తగా రంగు వేసి ఉంటే పక్కింటి గోడ చూడు.

ఇక బస్సులు. పోరంకి ఇంటి నుంచి బందరు రోడ్డు ఐదు నిమిషాలే అన్నాడా బ్రోకరు? అది బండి మీద లెక్క. పిల్లాడి చెయ్యి పట్టుకుని, స్కూలు బ్యాగు నువ్వు తగిలించుకుని నడిచి చూడు. రోడ్డెక్కితే ఆటోలకి కొదవలేదు, కంకిపాడు నుంచి వచ్చే బస్సులూ ఇటే పోతాయి. కానీ ఎక్స్‌ప్రెస్‌లన్నీ మన స్టాపులో ఆగుతాయనుకోకు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి టిక్కెట్టుకి డబ్బులక్కర్లేదు, సంతోషమే, ఆధార్ మాత్రం దగ్గర పెట్టుకో. పొద్దున పూట సీటు మీద ఆశ పెట్టుకోకు. కానూరు, ఆటోనగర్ దాటి బెంజి సర్కిల్ చేరేసరికి ఎంతసేపవుతుందో ఒకసారి వాచీ చూసుకో.

బోరు నీళ్ళు గ్లాసుతో పట్టి తాగి చూడు. ఉప్పగా ఉంటే నెలనెలా క్యాన్ల ఖర్చు కూడా అద్దెలాంటిదే. కూరగాయలకి ఇబ్బంది లేదు, పటమట రైతుబజారు నీ ఆఫీసు దారిలోదే.

కాగితాలు లాయరు చూస్తాడు. ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ప్లాను అప్రూవలు అడుగు. పాత లేఅవుటైతే ఉడా (అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ) పేరు ఉంటుంది, కంగారు పడకు. దాని బదులు సీఆర్‌డీఏ వచ్చింది 2014 చివర్లోనే.

సోమవారం సెలవు పెట్టుకుని ఏడింటికల్లా మా ఇంటికి వచ్చెయ్. పెసరట్టు వేసి పెడతాను. తిని ఎనిమిదిన్నరకి ఇద్దరం బస్టాపులో నిలబడదాం.

మీ పెద్దమ్మ