తెలుగు వికీపీడియాలో ఆడవాళ్ళు ఎందుకు తక్కువ? చేరితే ఏమైనా మారుతుందా?

ఎమ్మే తెలుగు పూర్తయిందనీ, తెలుగు వికీపీడియాలో రాయాలని ఉందనీ, అక్కడ ఆడవాళ్ళు చాలా తక్కువని ఎవరో చెబితే వెనకాడుతున్నాననీ రాశారు. ఎందుకంత తక్కువ, మీలాంటివాళ్ళు చేరితే ఏమైనా మారుతుందా అని అడిగారు. మారుతుంది. ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను.

నేను ఖమ్మం జిల్లాలో హైస్కూలు తెలుగు టీచర్ని. కొన్నేళ్ళుగా తెలుగు వికీపీడియాలో, వికీసోర్స్‌లో రాస్తున్నాను. ఈమధ్య నా సొంత వ్యాసాల కన్నా, కొత్తగా చేరిన ఆడవాళ్ళకి చెయ్యి అందించడం మీదే ఎక్కువ సమయం పెడుతున్నాను.

నేను చూసినంతలో ఆడవాళ్ళు రావడం లేదన్నది సగమే నిజం. ఏ కాలేజీలోనైనా వర్క్‌షాప్ పెడితే హాల్లో సగానికి పైగా అమ్మాయిలే కూర్చుంటారు. ఆ రోజే ఖాతా తెరుస్తారు, తమ ఊరి పేజీలో నాలుగు వాక్యాలు చేరుస్తారు, సంతోషంగా వెళ్తారు. నెల తిరిగేసరికి, ఎవరు ఏం మార్చారో చూపించే 'ఇటీవలి మార్పులు' పేజీలో ఆ పేర్లు దాదాపుగా కనబడవు. అసలు సమస్య ఇక్కడుంది. వచ్చినవాళ్ళు నిలవడం లేదు.

ఇది తెలుగు ఒక్కదాని బాధ కాదు. వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2011లో చేసిన సర్వేలో రాసేవాళ్ళలో ఆడవాళ్ళు 9 శాతం దాకానే ఉన్నారని తేలింది. అప్పటి ఫౌండేషన్ అధినేత స్యూ గార్డ్‌నర్ 2015కల్లా దాన్ని 25 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. అంత పెద్ద సంస్థే పూనుకున్నా అది నెరవేరలేదు.

ఎందుకు నిలవరు అంటే, నాకు కనబడిన మొదటి కారణం సమయం. సమయం లేకపోవడం అనను, అది ముక్కలుగా దొరకడం. కొత్త వ్యాసం రాయాలంటే పుస్తకం ముందు పెట్టుకుని, కుదురుగా గంటన్నరైనా కూర్చోవాలి. రాత్రి భోజనం చేసి లాప్‌టాప్ తెరిచే మగవాళ్ళకి ఆ గంటన్నర దొరుకుతుంది. అదే ఇంట్లో ఆడవాళ్ళకి పొయ్యి కట్టేశాక గిన్నెలుంటాయి, పిల్లల హోంవర్కు ఉంటుంది, పొద్దున టిఫినుకి పిండి రుబ్బుకోవడం ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్ పిల్లల దగ్గరుంటుంది. చేతిలో ఉండేది ఫోను. ఫోనులో మూలాలు (ఏ పుస్తకం, ఏ పత్రిక చూసి రాశామో ఆ వివరాలు) చేర్చడం, పట్టికలు దిద్దడం అనుభవం ఉన్నవాళ్ళకే విసుగు. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళకి మొదట కొత్త వ్యాసం జోలికి వెళ్ళొద్దని చెబుతాను.

మొదట వికీసోర్స్‌కి వెళ్ళమంటాను. అక్కడ పాత పుస్తకాల స్కాన్లు ఉంటాయి. ఒక పక్క పేజీ బొమ్మ, ఇంకో పక్క కంప్యూటర్ గుర్తుపట్టిన అక్షరాలు. తప్పుగా పడ్డ వత్తులూ గుణింతాలూ దిద్ది భద్రపరిస్తే ఆ పేజీ పసుపు రంగులోకి మారుతుంది. ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. ఒక పేజీకి పది, పదిహేను నిమిషాలు చాలు, మధ్యలో లేచి వెళ్ళినా నష్టం లేదు. వాదనలు తక్కువ. తెలుగు ఎమ్మే చేసిన మీకు పాత గ్రాంథికం కొరుకుడుపడుతుంది కాబట్టి ఇంకా సులువు. ఇలా మొదలుపెట్టిన వాళ్ళు ఎక్కువ కాలం ఉండటం నేను గమనించాను.

రెండో కారణం మొదటి పలకరింపు. నేను ఆన్‌లైన్‌లో మొట్టమొదట రాసింది వికీపీడియాలో కాదు, ఒక ప్రశ్నోత్తరాల సమూహంలో. దాని పేరు ఇక్కడ అనవసరం. కంద పద్యంలో యతి గురించి ఎవరో అడిగితే ఉదాహరణలతో వివరంగా సమాధానం రాశాను. కింద ఒకాయన, "మేడమ్, ఇది వంటల విభాగం కాదు" అని రాశారు. నా సమాధానంలో తప్పేముందో చెప్పలేదు, తప్పూ లేదు. రోజూ అక్కడ తిరిగే పెద్దమనుషులు ఆ వ్యాఖ్య చూశారు, ఒక్కరూ ఏమీ అనలేదు. జీతమిచ్చే ఆఫీసైతే పైఅధికారికి చెప్పుకోవచ్చు. స్వచ్ఛందంగా పనిచేసే చోట అలాంటివాళ్ళు ఉండరు. చూసినవాళ్ళు కల్పించుకుంటేనే అది మంచి చోటవుతుంది, లేకపోతే కాదు. నేను ఆ సమూహం వదిలేశాను.

తెలుగు వికీపీడియాలో నాకు జరిగింది దీనికి పూర్తిగా వేరు. నా మొదటి మార్పుకి మూలం చూపించలేదు. ఒక పాత వాడుకరి దాన్ని తీసేయకుండా నా చర్చాపేజీలో (వాడుకరికి మిగతావాళ్ళు సందేశాలు రాసే పేజీ), మూలం ఎలా ఇవ్వాలో ఒక నమూనా పెట్టి, "పుస్తకం పేరు, పేజీ నంబరు మీ దగ్గర ఉంటే చేర్చండి, కష్టమైతే నాకు చెప్పండి" అని రాశారు. నేను నిలవడానికి కారణం ఆ రెండు ముక్కలే అని గట్టిగా నమ్ముతాను. అందుకే ఇప్పుడు కొత్త పేరు ఏది కనబడినా, స్వాగతం మూసతో (ముందే తయారుచేసి పెట్టిన సందేశం) పాటు వాళ్ళు చేసిన మార్పు గురించి నా సొంత మాటల్లో ఒక వాక్యం రాస్తాను. వ్యాసం తీసేయాలంటూ పెట్టే తొలగింపు మూసలు మగవాళ్ళ వ్యాసాలకీ పడతాయి. కానీ ఇంట్లో "ఇదంతా నీకెందుకు" అనిపించుకుంటూ వచ్చిన మనిషికి ఆ మూస కనబడితే, పక్కన మనిషి మాట లేకపోతే, ఆ రోజుతో ఆవిడ రాయడం ఆగిపోతుంది.

ఇక ఆడవాళ్ళ గురించిన వ్యాసాల సంగతి. నాకు ఇదే ముఖ్యం.

మా స్కూల్లో మార్చి 8 వస్తుందంటే పిల్లలు ప్రసంగాలు రాసుకుంటారు. ఏటా ఇందిరా గాంధీ, కల్పనా చావ్లా, ఝాన్సీ లక్ష్మీబాయి. మన జిల్లాలో ఎవరూ లేరా అని అడిగితే ఫోను తీసి తెలుగులో వెతుకుతారు. వికీపీడియాలో ఏముంటే అదే తెస్తారు, అక్కడ లేకపోతే లేరనే అనుకుంటారు. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు కూడా వికీపీడియా పాఠాన్ని చదివి నేర్చుకుంటున్నాయి కాబట్టి, అక్కడ లేని ఆడమనిషి రేపు ఇంకా చాలాచోట్ల లేకుండా పోతుంది.

ఎందుకు ఉండరో తెలియాలంటే డోనా స్ట్రిక్‌లాండ్ ఉదంతం చూడండి. ఆవిడ కెనడా భౌతిక శాస్త్రవేత్త. 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాకి ఎవరో ఆవిడ మీద వ్యాసం ముసాయిదా పంపితే, తగిన మూలాలు లేవని తిప్పి పంపారు. అదే ఏడాది అక్టోబరు 2న ఆవిడకి నోబెల్ ప్రకటించారు. మేరీ క్యూరీ, మరియా గోపెర్ట్ మేయర్ తర్వాత భౌతిక శాస్త్రంలో నోబెల్ పొందిన మూడో మహిళ ఆవిడ. ఆ క్షణానికి వికీపీడియాలో ఆవిడ పేజీ లేదు. తిప్పి పంపిన వ్యక్తి నియమం ప్రకారమే చేశారు. ఒక మనిషి గురించి ఇతరులు స్వతంత్రంగా, అచ్చులో రాసి ఉండాలన్నది నియమం. పత్రికలు ఆవిడ గురించి రాయలేదు. అంటే బయట జరిగిన నిర్లక్ష్యాన్ని వికీపీడియా నియమం యథాతథంగా లోపలికి తెచ్చింది.

దానికి తోడు లోపల జరిగేది కూడా ఉంది. ఫ్రాన్సెస్కా ట్రిపోడి అనే పరిశోధకురాలు ఇంగ్లీషు వికీపీడియా తొలగింపు చర్చలు పరిశీలించి 2021లో వ్యాసం ప్రచురించారు. జీవిత చరిత్రల్లో ఆడవాళ్ళవి ఐదో వంతు కూడా లేవు, తొలగించాలని ప్రతిపాదించిన జీవిత చరిత్రల్లో మాత్రం పావు వంతుకి పైగా వాళ్ళవే. ఉన్న కొద్దిమందికీ ఎక్కువ సంజాయిషీ అడుగుతున్నారన్నమాట. ఇలా ఉన్నా, పట్టు పట్టి పనిచేస్తే కదలిక వస్తుంది. 2015లో రోజీ స్టీఫెన్సన్ గుడ్‌నైట్, రోజర్ బామ్కిన్ 'విమెన్ ఇన్ రెడ్' మొదలుపెట్టారు. పేజీ లేని పేరుకి లింకు ఇస్తే ఎర్రగా కనబడుతుంది కదా, అలా ఎర్రగా ఉన్న ఆడవాళ్ళ పేర్లను నీలంగా మార్చడం వాళ్ళ పని. అప్పటికి ఇంగ్లీషులో ఉన్న జీవిత చరిత్రల్లో ఆడవాళ్ళవి సుమారు 15 శాతం. ఇప్పుడు 20 శాతం దగ్గరికి వచ్చాయి. లక్షల వ్యాసాల మధ్య ఆ ఐదు శాతం ఎంత చాకిరీనో రాసేవాళ్ళకి తెలుస్తుంది.

తెలుగులో ఈ పనికి పెద్ద పరంపరే ఉంది, అది తలుచుకుంటే నాకు చాలా ధైర్యం. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవడానికి పూనుకున్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పేరు మీరు చదివే ఉంటారు. ఆయన అక్క భండారు అచ్చమాంబ. 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. బడి లేదు, చిన్నప్పుడే పెళ్ళి. తమ్ముడు తన దగ్గర ఉండి చదువుకుంటుంటే ఆయనతో పాటు చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1905లో చనిపోయేనాటికి ఆవిడకి ముప్పై ఏళ్ళు. ఆలోపే, స్త్రీలు తెలివిలేనివాళ్ళన్న నిందను తిప్పికొట్టడానికి, దేశంలోని స్త్రీల జీవితాలు వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. అది 1901లో అచ్చయింది. తమ్ముడి విజ్ఞాన సర్వస్వం కన్నా అక్క చేసిన ఈ సంకలనమే ముందు వచ్చిందని పిల్లలకి చెబుతుంటాను.

ఇంకొకటి మనకి దగ్గరి కాలంలోది. తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి, వాటిలో ఎక్కువగా నాయకుల పేర్లే. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల సంఘం సభ్యులు ఊళ్ళకి వెళ్ళి, పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మాటలు రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్ళ గొంతులు అచ్చులోకి వచ్చింది అలాగే. ఐలమ్మ 1985లోనే కన్నుమూశారు. కొన్నేళ్ళు ఆలస్యమైతే ఆ మాటలు దొరికేవి కావు. ఇవాళ ఈ స్త్రీల మీద వ్యాసం రాసేవాళ్ళు "మూలం ఎక్కడ" అన్న ప్రశ్నకి జవాబు చెప్పగలుగుతున్నారంటే ఆ పుస్తకం ఉండబట్టే. మూలం లేదని నిట్టూర్చకుండా, వెళ్ళి మూలాన్ని తయారుచేసిన ఆడవాళ్ళు వీళ్ళు. మీ ఊళ్ళో పేరున్న పాత పంతులమ్మగారో, మంత్రసానో, బుర్రకథ చెప్పే ఆవిడో ఉంటే, ముందు ఒక పత్రికకి వ్యాసం రాయండి. అది అచ్చయితే, దాన్ని చూపించి వికీపీడియాలో ఇంకొకరు రాయగలుగుతారు. నేరుగా వికీపీడియాలో మీరు విన్నది రాస్తే నిలవదు.

మూలాలు వెతికేటప్పుడు ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోండి. ఆడవాళ్ళకి పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని వెతికితే 1953కి ముందరి జీవితం సరిగా దొరకదు, ఎందుకంటే సి.డి.దేశ్‌ముఖ్‌తో పెళ్ళి ఆ ఏడాదే. రాజ్యాంగ సభ చర్చల్లో ఆవిడ పేరు జి.దుర్గాబాయి. అంత ప్రసిద్ధురాలికే ఇలా ఉంటే, ఒక కథ రాసి ఆగిపోయిన రచయిత్రి ఏ ఇంటిపేరు మీద, ఏ పొడి అక్షరాల వెనక ఉందో పట్టుకోవడం పెద్ద పరిశోధనే. పుట్టింటి పేరు, అత్తింటి పేరు, భర్త పేరు, చివర 'అమ్మ' ఉన్నదీ 'దేవి' ఉన్నదీ అన్నీ వెతకాలి. ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసిన పాత పత్రికలున్నాయి. మద్రాసు నుంచి 1928లో మొదలైన గృహలక్ష్మి లాంటి స్త్రీల పత్రికలు తిరగేస్తే, వికీపీడియాలో ఒక్క వాక్యం కూడా లేని ఎంతోమంది పేర్లు కనబడతాయి. మీ ఎమ్మే చదువు సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. ఫోటో విషయంలో, 2012 చట్ట సవరణ తర్వాత మన దేశంలో ఫోటో కాపీరైటు తీసినవాళ్ళు చనిపోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. కాపీరైటు తీరని ఫోటో అయితే హక్కు ఉన్నవాళ్ళ అనుమతి కావాలి.

జాగ్రత్తలు అడగలేదు గానీ చెబుతాను. వాడుకరి పేరుగా సొంత పేరు పెట్టుకోనక్కర్లేదు. ఊరు, ఉద్యోగం, ఫోటో వాడుకరి పేజీలో పెట్టనక్కర్లేదు, ఎవరూ అడగరు. వర్క్‌షాపుల తర్వాత వాట్సాప్ గ్రూపు అంటూ నంబర్లు తీసుకుంటారు. నాకు తెలిసిన ఒకమ్మాయికి అలాంటి ఒక గ్రూపు నుంచి రాత్రి పదకొండు తర్వాత మెసేజీలు మొదలయ్యాయి, ఆ టెన్షన్‌తో రాయడమే మానేసింది. నంబరు ఇవ్వకుండా చర్చాపేజీలోనే మాట్లాడతానని చెప్పండి. అక్కడ ప్రతి మాటా అందరికీ కనబడుతుంది, తేదీతో సహా మిగిలిపోతుంది. ఎవరైనా హద్దు దాటితే ఆ లింకుతో నిర్వాహకులకి చెప్పండి. వేధింపుల్ని నిషేధించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని వికీమీడియా ఫౌండేషన్ ధర్మకర్తల మండలి 2021లో ఆమోదించింది, అది తెలుగు వికీకీ వర్తిస్తుంది.

ఈ వారం ఖాతా తెరిచి వికీసోర్స్‌లో ఒక పుస్తకం ఎంచుకోండి. నెల తర్వాత, మీ జిల్లా రచయిత్రి ఒకరి పేరు తీసుకుని మూలాలు వెతకడం మొదలుపెట్టండి. కనీసం రెండు స్వతంత్ర మూలాలు దొరికాకే వ్యాసం రాయండి. అప్పటికీ ఎవరైనా తొలగింపు మూస పెడితే ఖాతా వదిలేసి వెళ్ళిపోవద్దు, రచ్చబండలో, అంటే అందరూ చర్చించుకునే పేజీలో, ఒక మాట రాయండి. నేను వారానికి రెండుమూడు సార్లైనా అది చూస్తాను, నాలాంటి వాళ్ళు ఇంకొందరున్నారు.