నెట్ లేకపోతే ఇంట్లో సీసీ కెమెరా రికార్డు చేయదా?

చేస్తుంది, లోపల మెమరీ కార్డు గానీ, పక్కన డీవీఆర్ (కెమెరా వీడియోను దాచుకునే పెట్టె) గానీ ఉంటే రికార్డింగ్‌కు నెట్‌తో పని లేదు. వీడియో అక్కడికక్కడే సేవ్ అవుతుంది, నెట్ కావాల్సింది దూరం నుంచి ఫోన్‌లో చూడటానికే.

విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటికి తాళం వేసి సంక్రాంతికి ఊరెళ్లారనుకోండి. గుమ్మం పైన 64 జీబీ కార్డున్న కెమెరా సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రాస్తే రోజుకు దాదాపు 11 జీబీ అవుతుంది. అంటే ఐదారు రోజులకు కార్డు నిండి, పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. పండక్కి ఇది చాలు, వీడియోను నెట్‌లో దాచడానికి నెలనెలా డబ్బు కట్టే క్లౌడ్ ప్లాన్ దండగ. (దొంగ కెమెరానే పీక్కుపోతే కార్డూ పోతుంది, అది వేరే సంగతి.)

నెట్ పోతే కెమెరా ఆగిపోతుందని చాలామంది టెన్షన్ పడతారు. నిజానికి దాన్ని ఆపేది కరెంటు కోత. అడాప్టర్ వోల్టేజీకి సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టుకోండి.