బీఫ్, తులసి ఆకులతో థాయ్ పద్ధతి లెట్యూస్ ర్యాప్‌లు: నీరు ఊరకుండా, ఆకు చిరగకుండా ఇంట్లో ఎలా చేసుకోవాలి?

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. ఖీమా వేయించేటప్పుడు నీరు ఊరి చివరికి కూరలా తయారవుతోందని, లెట్యూస్ ఆకు చేతిలోనే చిరిగిపోతోందని, బేసిల్ అంటే ఇటాలియన్ వంటల్లో వాడే ఆకు తీసుకోవాలో మన తులసి తీసుకోవాలో తెలియడం లేదని రాశారు. నేను డాలస్ శివారులో ఉంటూ కొన్నేళ్లుగా ఈ వంటకం తరచుగా చేస్తున్నాను. దీన్ని నాకు మొదట చూపించినావిడ ఈశాన్య థాయ్‌లాండ్ నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడ్డ పొరుగింటి గృహిణి. ఆమె దగ్గర చూసినదాన్నీ, తరువాత నా వంటింట్లో తేలినదాన్నీ కలిపి చెబుతున్నాను.

ముందుగా ఈ వంటకం ఎక్కడిదో తెలిస్తే మీ మొదటి ఇబ్బందికి సగం సమాధానం దొరుకుతుంది. థాయ్‌లాండ్‌లో మాంసం, తులసి ఆకు కలిపి చేసే వేపుడును ఫట్ కఫ్రావ్ అంటారు. దాన్ని వేడి అన్నం మీద వడ్డించి, పక్కన అంచులు కరకరలాడేలా నూనెలో వేయించిన గుడ్డు పెడతారు. మాంసాన్ని పచ్చి ఆకులతో, కూరగాయలతో కలిపి తినే అలవాటు ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఈసాన్ ప్రాంతంలోనూ లావోస్‌లోనూ చేసే లార్బ్ అనే తరిగిన మాంసపు సలాడ్‌కు సంబంధించినది. దాని పక్కన క్యాబేజీ ముక్కలు, పచ్చి అలసంద కాయలు, పుదీనా వంటివి ఉంటాయి. కఫ్రావ్ వేపుడును లార్బ్ తరహాలో ఆకులో పెట్టుకుని తినే ఈ ర్యాప్ ఎక్కువగా థాయ్‌లాండ్ బయటి రెస్టారెంట్లలోనూ ఇళ్లలోనూ కనిపిస్తుంది. అన్నం కోసం రాసిన కొలతలను యథాతథంగా తెచ్చి ఆకులో పెడితే చిక్కు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే సాస్‌ను అన్నం పీల్చుకుంటుంది గానీ లెట్యూస్ పీల్చుకోదు. అందుకే ర్యాప్ కోసం చేసే వేపుడు పొడిపొడిగా, సాస్ మాంసానికి అంటుకుని మాత్రమే ఉండేటట్లు చేసుకోవాలి. వంటకాల పుస్తకాల్లో చివర పావు కప్పు నీళ్లో, స్టాకో పోయమని ఉంటే ఆ వాక్యాన్ని నిస్సంకోచంగా వదిలేయండి.

ఇప్పుడు మాంసం సంగతి. ఖీమాలో నీరు ఊరడానికి కారణం మాంసం నాణ్యత కన్నా బాణలి వేడి చాలకపోవడమే. బాణలిలో నీరు ఉన్నంతసేపూ మాంసం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉడుకుతూ ఉంటుంది. గోధుమరంగు తేలి, వేపుడు వాసన రావాలంటే దాని ఉపరితలం సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఫ్రిజ్ నుంచి తీసిన అరకిలో ఖీమాను ఒక్కసారిగా బాణలిలో కుమ్మరిస్తే బాణలి చల్లబడుతుంది, మాంసంలోని నీరంతా బయటికి వస్తుంది, ఆవిరి పోయే దారి లేక అది అక్కడే ఉడుకుతుంది. కాబట్టి ఖీమాను ముందుగా పళ్లెంలో పరిచి, పేపర్ టవల్‌తో పైతడి అద్ది, వెడల్పాటి ఇనుప పెనాన్ని పొగ తేలే వరకూ కాచి, ఒక టేబుల్ స్పూన్ నూనె వేసి, మాంసాన్ని రెండు విడతలుగా పలుచగా పరచండి. పరచిన తరువాత రెండు నిమిషాల పాటు గరిటె పెట్టకుండా ఉండటం మనవాళ్లకు కష్టమే గానీ, అడుగున ఎర్రటి పొర కట్టేది ఆ రెండు నిమిషాల్లోనే. ఉప్పు గానీ, ఉప్పగా ఉండే ఫిష్ సాస్ గానీ ఈ దశలో వేయకూడదు; ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది. అమెరికా ఇళ్లలోని విద్యుత్ పొయ్యి మీద గుండ్రటి వోక్ కన్నా బరువైన ఇనుప పెనమే వేడిని బాగా నిలుపుకుంటుందని నా అభిప్రాయం.

సూపర్‌మార్కెట్ ఖీమాలో 85 శాతం మాంసం, 15 శాతం కొవ్వు ఉన్న రకం దీనికి సరిపోతుంది. అంతకన్నా మంచి పద్ధతి, చక్ (భుజం భాగం) లేదా సర్లాయిన్ (నడుము భాగం) ముక్కను అరగంట ఫ్రీజర్‌లో పెట్టి కొంచెం గట్టిపడ్డాక కత్తితో ముతకగా తరుక్కోవడం. మా పొరుగింటి ఆవిడ ఎప్పుడూ ఇలాగే చేసేది, మిషన్ ఖీమా ఆమెకు నచ్చేది కాదు. తరిగిన మాంసంలో ముక్క నమలడానికి తగులుతుంది, నీరు కూడా తక్కువ ఊరుతుంది. పదిమంది వస్తున్నప్పుడు మాత్రం నేను కొన్న ఖీమాతోనే సరిపెట్టుకుంటాను. ఖీమాను అమెరికా వ్యవసాయ శాఖ చెప్పినట్లు 71 డిగ్రీల వరకూ ఉడికించాలి. ఇంత చిన్న ముక్కలకు ఈ మంట మీద ఆ వేడి దాటడం సమస్యే కాదు.

సుమారు 450 గ్రాముల మాంసానికి ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, మీ కారాన్ని బట్టి నాలుగు నుంచి ఎనిమిది బర్డ్స్ ఐ మిరపకాయలు (చిన్నవి, బాగా ఘాటైనవి) తీసుకుని రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో వేస్తే మెత్తటి ముద్దయి, నీరు వదిలి, పెనానికి అంటుకుని మాడుతుంది. వేగిన మాంసాన్ని పక్కకు తీసి, మిగిలిన కొవ్వులో ఈ దంచినదాన్ని అరనిమిషం వేయించాలి. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది కాబట్టి ముందే కిటికీలు తెరిచి పెట్టుకోవడం మంచిది. తరువాత మాంసాన్ని తిరిగి వేసి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఫిష్ సాస్, ఒక టేబుల్ స్పూన్ ఆయిస్టర్ సాస్, ఒక టీస్పూన్ చిక్కటి నల్ల సోయా సాస్, ఒక టీస్పూన్ తాటిబెల్లం తురుము వేసి, సాస్ ఇంకిపోయే వరకూ పెద్ద మంట మీదే కలపాలి. సాస్ పెనం మధ్యలో కాక వేడి అంచుల మీద పోస్తే త్వరగా చిక్కబడుతుంది. పెనాన్ని ఒక పక్కకు వంచితే అడుగున నూనె మాత్రమే చేరాలి; గోధుమరంగు నీరు కనిపిస్తే ఇంకో నిమిషం పట్టుతుందని అర్థం. ఉల్లిపాయ, అలసంద కాయ, బేబీ కార్న్ వంటివి కలపడం మీద థాయ్ వాళ్లలోనే పెద్ద వాదాలు ఉన్నాయి; ర్యాప్ కోసం అయితే నీరు పెంచేవేవీ వద్దనే పక్షం నాది.

ఆకు విషయంలో మీ సందేహం సహజమైనదే. కఫ్రావ్ అంటే థాయ్‌లాండ్‌లో పండే తులసి, మన తులసి జాతే. దాని ఆకు అంచులకు రంపపు పళ్లు, కాడ మీద సన్నటి నూగు ఉంటాయి, లవంగంలో ఉండే యూజినాల్ వల్ల ఘాటైన వాసన వస్తుంది. ఆసియా దుకాణాల్లో థాయ్ బేసిల్ అని అమ్మేది వేరు. అది హొరఫా, ఊదారంగు కాడ, నున్నని సన్నని ఆకు, సోంపు వాసన. మనం వేసవి షర్బత్‌లో నానబెట్టే సబ్జా గింజల మొక్కా, ఇటాలియన్ బేసిల్, ఈ హొరఫా ఒకే జాతికి చెందినవి. నా లెక్కలో వరుస ఇది: కఫ్రావ్ దొరికితే అదే, లేకపోతే హొరఫా, అదీ లేకపోతే ఇటాలియన్ ఆకుతో పాటు గుప్పెడు పుదీనా. మన ఇళ్ల తులసి, ముఖ్యంగా కృష్ణ తులసి, నా నాలుకకు థాయ్ రకం కన్నా మందు ఘాటుగా తోస్తుంది కాబట్టి, వాడితే లేత ఆకులే, సగం కొలతలోనే వాడండి. తులసికోటలో పూజ చేసే మొక్క ఆకును మాంసంలో వేయడానికి చాలామందికి మనసు ఒప్పదు, ఒప్పనవసరం కూడా లేదు. వంట కోసం వేరే కుండీలో రెండు మొక్కలు పెంచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఏ ఆకైనా రెండు కప్పులు (మన తులసి అయితే ఒక కప్పు), తడి లేకుండా ఆరినవి, పొయ్యి ఆపిన తరువాతే వేసి, ఆ వేడికి వాడేలా రెండుసార్లు తిప్పి వదిలేయాలి. మంట మీద వేస్తే ఆకు నల్లబడి, వాసన ఆవిరితో పోతుంది.

లెట్యూస్‌లో బటర్ లెట్యూస్ ఆకు దొన్నెలా వంగి, చిరగకుండా మడత పడుతుంది. ఐస్‌బర్గ్ కరకరలాడుతుంది గానీ మడిస్తే విరుగుతుంది. రొమెయిన్ అయితే లోపలి చిన్న ఆకులే పనికొస్తాయి. ఆకులను ఐసు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, పొడి గుడ్డలో చుట్టి పూర్తిగా ఆరే వరకూ ఫ్రిజ్‌లో పెట్టండి. మొదలు దగ్గరి మందపు ఈనెను కత్తిరించండి, ఆకు మడతలో తెగేది అక్కడే. వేపుడును అయిదు నిమిషాలు చల్లారనిచ్చి, ఆకుకు రెండు టేబుల్ స్పూన్లు మించకుండా పెట్టుకోవాలి. వడ్డించే ముందు ఆకుల్లో నింపి ఉంచవద్దు. ఎవరిది వారు నింపుకుంటేనే ఆకు నిలుస్తుంది.

హైదరాబాద్‌లో చేయాలనుకునేవారికి ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ గోవధ నిషేధం ఉంది కాబట్టి అక్కడ బీఫ్, పెద్దకూర అనే పేర్లతో దొరికేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. ముదురు రంగులో, తక్కువ కొవ్వుతో ఉండే ఆ ఖీమాకు నూనె రెండు టేబుల్ స్పూన్లు వేయండి, కొట్టువాణ్ణి ఒక్కసారే ముతకగా కొట్టమనండి. బీఫ్ తినని ఇంట్లో కోడి తొడ మాంసం తరిగి ఇదే పద్ధతిలో చేయవచ్చు. థాయ్‌లాండ్‌లో కూడా, ముఖ్యంగా గ్వాన్‌యిన్ దేవిని కొలిచే చైనా సంతతి కుటుంబాల్లో, బీఫ్ ముట్టనివారు ఎందరో ఉన్నారు. వారి కఫ్రావ్ పంది మాంసంతోనో కోడితోనో సాగుతుంది.

బల్ల మీద నిమ్మ చెక్కలు, సన్నగా తరిగిన మిరపకాయలను ఫిష్ సాస్‌లో వేసిన ప్రిక్ నామ్ ప్లా, కీరా ముక్కలు ఉంచండి. నిమ్మరసం పెనంలో పిండకుండా ఆకులో నింపుకున్నాక పిండుకుంటేనే తాజాగా ఉంటుంది. లార్బ్ నుంచి తెచ్చుకోదగిన మరొకటి వేయించిన బియ్యప్పొడి: జిగురు బియ్యాన్ని నూనె లేకుండా సన్న సెగ మీద ముదురు బంగారు రంగు వచ్చే వరకూ వేయించి, రోట్లో రవ్వలా దంచి, ఆకుకు అర టీస్పూన్ చొప్పున చల్లితే మిగిలిన కాస్త తడినీ పీల్చుకుంటుంది. వేపుడు మిగిలితే రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో వాడేయండి. తిరిగి వేడి చేసినప్పుడు కొన్ని తాజా తులసి ఆకులు మళ్లీ వేసుకుంటే సరిపోతుంది.