ఒక్క బటన్ ఊడితే కీబోర్డు మొత్తం మార్చాలా?

ల్యాప్‌టాప్‌లో 'ఎన్' బటన్ ఊడిపోయిందని, ఒంగోలులో షాపువాళ్లు కీబోర్డు మొత్తం మార్చాలన్నారని, ఇంట్లో బాగుచేసుకునే దారి ఉందా అని అడిగారు. చాలావరకు ఉంటుందండి. డబ్బు కట్టే ముందు విరిగింది ఏ ముక్కో చూడండి.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. రాయి కోసేటప్పుడు నీళ్లు వదులుతారు గానీ ఆ బురద ఎండితే పిండిలాంటి పొడి లేస్తుంది. ఆఫీసు తలుపులు మూసినా ఆగదు. పోయిన ఎండాకాలం నా ల్యాప్‌టాప్‌లో 'ఎస్' బటన్ బిగుసుకుపోయింది. కింద దుమ్ము చేరి ఉంటుందని స్క్రూడ్రైవర్‌తో పైకెత్తాను. టక్కుమంది. అప్పటికి 20వ తేదీ దగ్గరపడింది, జీఎస్‌టీ రిటర్ను వేయాలి. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫోటో తీసి, పెద్దది చేసి చూశాను. అప్పుడు అర్థమైంది. పైన అక్షరం ఉన్న మూత. దాని కింద కత్తెరలా ఒకదానిలో ఒకటి దూరిన రెండు సన్నటి ప్లాస్టిక్ చట్రాలు, అంటే క్లిప్. మధ్యలో చిన్న రబ్బరు బుడిపె. అడుగున రేకు, దాని మీద క్లిప్‌ను పట్టుకునే బుల్లి కొక్కేలు. నిజానికి అక్షరం పడేలా చేసేది మూత కాదు, ఆ బుడిపె. అది కిందికి నొక్కుకుని లోపలి పొరలను కలిపితేనే అక్షరం వస్తుంది. అందుకే ముందు వేలితో బుడిపెను మెల్లగా నొక్కండి. అక్షరం పడిందా, లోపల అంతా బాగున్నట్టే.

నాకు పోయింది క్లిప్‌లో ఒక పక్క మొన మాత్రమే. అక్షరాల బటన్లన్నీ ఒకే సైజులో ఉంటే క్లిప్పులు కూడా మామూలుగా ఒకటే. నా పనిలో చదరపు బ్రాకెట్ అవసరం రాదు. ఆ బటన్ క్లిప్ తీసి 'ఎస్'కి పెట్టాను. ఈసారి ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, పాత ఏటీఎం కార్డు అంచుతో మూలనుంచి కొంచెం కొంచెంగా లేపాను. బ్రష్‌తో పొడి దులిపి, ముందు క్లిప్‌ను రేకు కొక్కేలకు ఎక్కించి, మూతను సరిగ్గా పైన పెట్టి వేలితో అదిమితే రెండు పక్కలా టిక్కుమని కూర్చుంది. పది నిమిషాల పని.

క్లిప్ మీద మాత్రం జిగురు వేయకండి. కదలాల్సిన ముక్క కదలకుండా పోతుంది. బుడిపె ఊడి వస్తే మాత్రం సూది మొనతో దాని అంచుకు కాస్త జిగురు తాకించి, పూర్తిగా ఆరనివ్వండి. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ బటన్లకు కింద సన్నటి ఇనుప తీగ కూడా ఉంటుంది, వాటిని మొదటిసారే ముట్టుకోవద్దు.

విడి బటన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ ఒక్కటే చూసి తెప్పించుకోకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల క్లిప్పులు ఉండవచ్చు. మీ క్లిప్, కొక్కేల ఫోటోతో పోల్చుకున్నాకే ఆర్డర్ పెట్టండి. అది వచ్చేదాకా విండోస్, కంట్రోల్, 'ఓ' మూడూ కలిపి నొక్కితే స్క్రీన్ మీదే కీబోర్డు వస్తుంది. ఎక్కువ టైపు చేయాలంటే యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోండి.

బుడిపె నొక్కినా అక్షరం పడకపోతే, లేదా రేకు మీద కొక్కెమే విరిగిపోతే, షాపువాళ్లు చెప్పింది నిజమే, మార్చాల్సిందే. కొక్కెం వంగితే మాత్రం ట్వీజర్‌తో నెమ్మదిగా నిలబెట్టవచ్చు. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో కీబోర్డును పైభాగానికి ప్లాస్టిక్ కరిగించి అతికిస్తారు, అందుకే విప్పే కూలి కూడా ఎక్కువ పడుతుంది. ఇవ్వబోయే ముందు ఆ కూలి చెప్పిన ధరలో కలిసిందో లేదో అడగండి.