సెపా ఒప్పందం వచ్చాక దుబాయ్ వీసా సులువైందా?

"భారత్, యూఏఈ మధ్య సెపా ఒప్పందం కుదిరింది, మనవాళ్లకు ప్రత్యేక కోటా వచ్చింది, లక్షన్నర కడితే వీసా" అని మీ తమ్ముడితో ఏజెంట్ అన్నాడని రాశారు. అలాంటి కోటా ఏదీ లేదండీ. దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టులో సరుకు దించుకునే ఒక కంపెనీలో పత్రాలు చూసే పని చేశాను. సెపా అంటే సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, అదేమిటో రోజూ కాగితాల మీద చూసినవాణ్ణి.

2022 ఫిబ్రవరిలో సంతకాలయ్యాయి, మే 1 నుంచి అమలు. అది ప్రధానంగా సరుకుల ఒప్పందం. మన దగ్గర్నుంచి వెళ్లే నగలు, రెడీమేడ్ బట్టల మీద అక్కడ 5 శాతం సుంకం ఉండేది, అది తీసేశారు. అయితే ఊరికే తీసేయరు. సరుకు ఇండియాలోనే తయారైందని చెప్పే ఆరిజిన్ సర్టిఫికెట్ ఉండాలి, అందులో సరుకు రకాన్ని చెప్పే కోడ్ ఇన్‌వాయిస్‌తో సరిపోవాలి. ఒకసారి తిరుప్పూర్ నుంచి చొక్కాల కంటైనర్ వచ్చింది. ఇన్‌వాయిస్‌లో 6205, అంటే నేత బట్ట. సర్టిఫికెట్‌లో 6105, అంటే అల్లిక బట్ట. ఒక్క అంకె తేడా! సరిచేసిన కాగితం చేతికొచ్చేదాకా మా మేనేజర్‌కి ఒకటే టెన్షన్.

మనుషుల ప్రస్తావన అసలు లేదనను. సేవల అధ్యాయంలో ఉంది. కానీ అది కంపెనీ తన ఉద్యోగిని అక్కడి శాఖకు పంపడం, కాంట్రాక్టు పని మీద నిపుణులను పంపడం లాంటి వాటికి. మేస్త్రీ, డ్రైవర్, హెల్పర్ పనులకు పాత దారే. పెట్టుబడుల ఒప్పందం వేరే ఉంది, 2024 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉంది. దాంతోనూ మీకు పని లేదు.

ఆ పాత దారి సంగతి చెబుతాను. మీ తమ్ముడు పదో తరగతి పాస్ కాకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అవుతుంది. అప్పుడు యూఏఈతో సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో క్లియరెన్స్ తప్పనిసరి, దాంతోపాటు 10 లక్షల ప్రవాసీ బీమా కూడా. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. ఈ క్లియరెన్స్ తప్పించుకోవడానికే కొందరు విజిట్ వీసా మీద ఎక్కించేసి, "అక్కడికెళ్లాక మార్చేస్తాం" అంటారు. ఆ మాట వినిపిస్తే ఒప్పుకోకండి. మార్చేలోపు పని చేయిస్తే అది చట్టవిరుద్ధం, గడువు దాటితే జరిమానా మీ తమ్ముడి నెత్తినే పడుతుంది.

ఇక డబ్బు. రిజిస్టరైన ఏజెంట్ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని మన నిబంధన. యూఏఈ 2021 కార్మిక చట్టమైతే నియామక ఖర్చులు యజమానివే అంటుంది. లక్షన్నర ఏ లెక్కన అడుగుతున్నాడో మీరే అడగండి. లైసెన్స్ నంబర్ తీసుకుని ఈ-మైగ్రేట్ సైట్‌లో సరిచూడండి.

ఆఫర్ లెటర్ వస్తే మొత్తం జీతం చూసి మురిసిపోకండి, అందులో బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం ఎంతో చూడండి. 1500 దిర్హమ్‌లని పైకి చెప్పి బేసిక్ 600 రాసినవి నేను చూశాను. మొదటి అయిదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే డబ్బు, లెక్కగడతారు, అలవెన్సులు అందులోకి రావు.