పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని బయల్దేరేముందు

చి.సౌ. అమ్మడికి,

పెద్దమ్మ దీవెనలు. నీ ఉత్తరం అందింది. ఇకనుంచి ఏడాదికోసారి ఏదైనా పెద్ద ఉత్సవానికీ, ఇంకోసారి కొండలకో అడవికో సముద్రానికో ఇంటిల్లిపాదీ వెళ్లాలని నువ్వూ అల్లుడుగారూ అనుకోవడం నాకెంతో నచ్చింది. ఎక్కడికి వెళ్తే బాగుంటుందని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేదెవరో ఆలోచించు. ఐదేళ్ల చిన్నాడు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు. చోటు, రోజులు, బస, తిరుగుడు అన్నీ ఆ ఇద్దరి ఓపికను బట్టే తేలాలి. నేను చెప్పగలిగిన వాటిలో ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి.

చాలా ఇళ్లలో జరిగేది చూస్తూనే ఉన్నాను. భార్యాభర్తలు కూర్చుని తమ ఓపిక లెక్కన రోజుకు నాలుగు చోట్లు రాసుకుంటారు. రెండో రోజు మధ్యాహ్నానికి మెట్ల దగ్గర పెద్దావిడ ఆగిపోతుంది. గట్టు మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, "మీరెళ్లి రండమ్మా, నేనిక్కడే ఉంటా" అంటుంది. ఆ మాటలో కోపం ఉండదు, నిష్ఠూరం ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. మర్నాడు ఆవిడ గది దాటి రాదు. అందరూ కలిసి ఉండాలనే కదమ్మా ఇంత ఖర్చు, ఇంత శ్రమ! రోజుకు ముఖ్యమైన పని ఒక్కటే పెట్టుకో. అది పొద్దుటిపూట అయిపోవాలి. మధ్యాహ్నం భోజనం, నిద్ర. సాయంత్రం ఓపికుంటే దగ్గర్లో ఏదో ఒకటి, లేకపోతే లేదు. ఏమీ పెట్టుకోని పూటల్లోనే పిల్లలు గులకరాళ్లు ఏరుకుంటారు, నాయనమ్మ దగ్గర కూర్చుని కబుర్లు చెబుతారు.

మీ అత్తగారి గురించి ఇంకో మాట. మోకాళ్లకు మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం. దిగేటప్పుడు ఒంటి బరువంతా వంచిన మోకాలి మీద పడుతుంది. మెట్లు ఎన్ని అని అందరూ అడుగుతారు గానీ, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా అని అడగరు. నువ్వు అడుగు. బండి ఎంతదాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి నడక ఎంత, మధ్యలో కూర్చునే చోటుందా, బాత్రూమ్ ఎక్కడ, వెస్ట్రన్ టాయిలెట్టేనా, ఇవన్నీ ముందే ఫోన్ చేసి కనుక్కో. బాత్రూమ్ ఎక్కడుందో తెలియక పొద్దుణ్ణుంచీ మంచినీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లు ఎంతమందో. ఎండలో అది ప్రమాదం.

ఇక తేదీలు. కొన్ని ఉత్సవాలు క్యాలెండర్ తేదీని అంటిపెట్టుకుని ఉంటాయి, కొన్ని చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. 12 చాంద్రమాసాలు కలిపినా 354 రోజులే కాబట్టి రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుగానే వచ్చేస్తుంది. అధికమాసం కలుపుకునే పంచాంగాల్లో పండగ ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనక్కు వస్తుంది. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. దాన్ని బట్టే బ్రెజిల్‌లో రియో కార్నివాల్ ఒక్కోసారి ఫిబ్రవరిలో, ఒక్కోసారి మార్చిలో జరుగుతుంది. అందుకని "పోయినేడు ఈ వారంలోనే జరిగింది" అనే మాట నమ్మి టికెట్లు కొనకు. నిర్వాహకులు ప్రకటించిన తేదీ నీ కళ్లతో చూశాకే డబ్బు కట్టు.

పూలకూ ఆకులకూ అలా ఖాయమైన తేదీ ఎవరూ ప్రకటించలేరు. జపాన్‌లో చెర్రీ పూలు నిండుగా విచ్చుకున్నాక వారం రోజులకల్లా రాలిపోవడం మొదలవుతుంది. క్యోటోలో 2021లో మార్చి 26 నాటికే చెట్లు నిండుగా పూశాయి. అంతకుముందు 1,200 ఏళ్ల లెక్కల్లో అంత తొందరగా పూసిన ఏడాది లేదు. అలాంటి ఏడాది ఏప్రిల్ మొదటి వారానికని ఆర్నెల్ల ముందే టికెట్లు కొనుక్కుంటే రాలిన రేకులే మిగులుతాయి. ఉత్తరాఖండ్‌లోని పూలలోయ జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచే ఉంటుంది గానీ, పూలు విరగబూసేది జులై, ఆగస్టుల్లో. అంటే సరిగ్గా వానలు దంచికొట్టే రోజుల్లో. కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోయేదీ అప్పుడే. పైగా అక్కడికి కాలినడకన ఎక్కాలి. చిన్నాడికి పదేళ్లు దాటాక వెళ్లండి, ఇప్పుడొద్దు. మూన్నార్ కొండల మీద నీలకురింజి 12 ఏళ్లకోసారి పూస్తుంది. 2018లో పూసింది, మళ్లీ 2030లో పూయాలి. అప్పటికి మీవాళ్లు కొండలెక్కే వయసుకొస్తారు. ఇప్పట్నించే రాసిపెట్టుకో.

ప్రకృతి కోసం వెళ్లే ప్రయాణాన్ని ఒక్క దాని మీదే నిలబెట్టకు. పూలు రాలిపోయినా, మంచు పడకపోయినా, జంతువు కనబడకపోయినా పిల్లలకు రెండు రోజులు సరిపడా ఇంకేదైనా ఉండే చోటే ఎంచుకో. నది ఒడ్డు ఉన్నా చాలు.

బస గురించి నా అభిప్రాయం గట్టిది. ఉత్సవానికైతే ముందు గది దొరకబుచ్చుకో, ఆ తర్వాతే రైలో విమానమో చూసుకో. పెద్ద పండగల్లో ముందు నిండిపోయేవి గదులే. దూరంగా ఉన్న విశాలమైన గది కన్నా నడిచి వెళ్లగలిగే ఇరుకు గది మేలు. చిన్నాడికి నిద్రొచ్చినప్పుడు పావుగంటలో పక్క మీద పడుకోబెట్టగలగాలి. ఉత్సవానికి ఒక రోజు ముందే చేరుకోండి. తిరుగు ప్రయాణం మాత్రం ఉత్సవం ముగిసిన రాత్రి పెట్టుకోకండి, ఊరు ఊరంతా కదిలేది అప్పుడే. మర్నాడు భోంచేసి బయల్దేరితే అదే దారి ఖాళీగా ఉంటుంది. ప్రయాణం రద్దయితే డబ్బు ఎంత వెనక్కిస్తారో, ఎన్నాళ్ల ముందు చెప్పాలో చదివి మరీ బుక్ చెయ్యి. పిల్లలున్న ఇంట్లో జ్వరం చెప్పి రాదు.

జనం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకుండా చదువు. 2022 అక్టోబర్ 29 రాత్రి సియోల్‌లోని ఇతెవాన్‌లో హాలోవీన్ సంబరాలకు వచ్చినవాళ్లు ఒక ఇరుకు సందులో ఇరుక్కున్నారు. 159 ప్రాణాలు పోయాయి. మంటలు లేవు, ఏ కట్టడమూ కూలలేదు. ఏటవాలుగా ఉన్న ఆ సందు ఇరుకైన చోట నాలుగు మీటర్ల వెడల్పు కూడా లేదు. జనం ఒత్తిడికి ఛాతీ కదలక, ఊపిరాడక నిలబడ్డచోటే మనిషి పోతాడు. ఒక చదరపు మీటరులో ఐదారుగురు చేరితే ఇక ఎవరి కాళ్లు వాళ్ల చేతుల్లో ఉండవు. ఎటు తోస్తే అటు వెళ్లాల్సిందే.

కాబట్టి రెండు భుజాలకూ పక్కవాళ్ల భుజాలు తగులుతున్నాయంటే ఇంకాసేపు చూద్దామనుకోకు. బయటికి వచ్చేసే సమయం అదే. నీకు భుజాల దగ్గర తగిలే ఒత్తిడి చిన్నాడికి ముఖం మీద తగులుతుంది. వాడు నీ నడుము ఎత్తే ఉంటాడు, వాడికి గాలి కూడా సరిగ్గా అందదు. మూసుకుపోయిన సందుల్లో, గోడల పక్కన, ఇనుప బారికేడ్ల ముందు నిలబడొద్దు. ఎప్పుడూ జనం అంచుల్లో ఉండండి, బయటికెళ్లే దారి ఎటుందో వెళ్లగానే చూసిపెట్టుకోండి. ఎప్పుడైనా ఇరుక్కుంటే మోచేతులు మడిచి రెండు చేతులూ ఛాతీకి అడ్డంగా పెట్టుకోవాలి. ఊపిరి తీసుకునే చోటు మిగలాలి. జనం తోపును ఎదిరించి నెట్టొద్దు. తోపు కాస్త ఆగినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరుగుతూ పోవాలి. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగొద్దు. ఈ మాటలు పెద్దదానికి కూడా చెప్పు. పదకొండేళ్ల పిల్లకు అర్థమవుతాయి, భయపడుతుందని దాచకు.

అసలు చిన్నపిల్లలతో ఉత్సవం పతాకస్థాయి రాత్రికే వెళ్లాలని ఎక్కడుంది? ముందురోజు ఏర్పాట్లు చూడటం, వేషాలు కట్టుకుంటున్నవాళ్లను దగ్గర్నుంచి చూడటం, పొద్దున్నే వీధులన్నీ కొత్తగా అలంకరించి ఉన్నప్పుడు నడవడం పిల్లలకు ఎక్కువ బాగుంటుంది. అసలు ఊరేగింపు ముందే సీట్లు తీసుకుని కూర్చుని చూడండి. అలాంటి ఏర్పాటు లేని చోట ఆ రాత్రి వదిలేసుకున్నా తప్పు లేదు. బాణసంచా ఉంటే చిన్నాడికి చెవులు మూసే ఇయర్‌మఫ్‌లు కొను.

తప్పిపోవడం గురించి కూడా. లక్షల మంది చేరినచోట ఫోన్లు కలవవు, ఒకే టవర్ మీద అందరి భారం పడుతుంది. అందుకని చేరగానే "ఎవరు విడిపోయినా ఇక్కడికే రావాలి" అని ఒక చోటు అందరికీ చూపించు. అది కదలనిది అయ్యుండాలి. ఐస్‌క్రీమ్ బండి పనికిరాదు, గడియార స్తంభం పనికొస్తుంది. పొద్దున్న గది దాటేముందు పిల్లలిద్దర్నీ నిలబెట్టి ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసుకో. నాలుగైదు గంటల తర్వాత కంగారులో ఏ రంగు చొక్కా వేశావో నీకు గుర్తురాదు. చిన్నాడి మణికట్టు లోపలివైపు చెరగని పెన్నుతో మీ ఇద్దరి నంబర్లు రాయి. పైవైపు రాస్తే అందరికీ కనిపిస్తుంది, చెమటకు రాసుకుపోతుంది కూడా. "మీ అమ్మ పేరేంటి" అంటే "అమ్మ" అనే వయసు వాడిది. నీ పూర్తి పేరు, నాన్న పూర్తి పేరు వాడి నోట పలికించు. తప్పిపోతే ఎక్కడికీ వెళ్లకుండా అక్కడే నిలబడాలని, యూనిఫారం వేసుకున్నవాళ్లకో పిల్లలతో ఉన్న ఆంటీకో చెప్పాలని నేర్పు. ఒకసారి చెబితే చాలదు, ఆటలా పదిసార్లు ఆడించు.

కొండల సంగతికి వస్తే, 1892లో స్కాట్లండ్‌కు చెందిన నైస్మిత్ అనే పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. చదునుగా గంటకు 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలుపుకోవాలి. అది ఓపికున్న పెద్దవాళ్ల లెక్క. మీరు దాన్ని రెట్టింపు చేసుకోండి. ఎన్ని గంటలకు వెనక్కు తిరగాలో బయల్దేరేముందే అనుకుని, శిఖరం కళ్లముందున్నా సరే ఆ టైముకు తిరిగేయండి. ఎత్తు పెరిగేకొద్దీ చలి కూడా లెక్కప్రకారం పెరుగుతుంది. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద చొక్కాతో తిరిగిన పిల్లాడికి పైన స్వెట్టర్ కావాలి. చలిగా ఉందని ఎండను తక్కువ చేయకు, అదే 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి.

2,500 మీటర్లు దాటితే ఎవరికైనా తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం రావచ్చు. బలమైనవాళ్లకు రాదనుకోవడం పొరపాటు. లేహ్ లాంటి ఊరు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో నేరుగా దిగితే మొదటి రెండు రోజులు గది చుట్టుపక్కలే ఉండాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. చిన్నాడు తలనొప్పి అని చెప్పలేడు. ఊరికే ఏడుస్తాడు, అన్నం వద్దంటాడు, ఆడుకోడు. అలా కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకండి. తగ్గకపోతే అదే రోజు కిందికి దిగిపోండి, డబ్బు పోతే పోనీ.

ఉరుము వినబడితే చెట్టు కిందికి కాదు, పక్కా కట్టడంలోకో కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు. సముద్రంలో లోపలికి లాగే ప్రవాహంలో పడితే ఒడ్డువైపు ఈదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. వాగుల్లో మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి. రంగు మారినా, పుల్లలు కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కండి.

సంచీలో ఏం పెట్టుకోవాలో నీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. అందరికీ అలవాటైన చెప్పులే వేయించు, కొత్తవి కొని అదే రోజు వేయించకు. ఓఆర్‌ఎస్ పొట్లాలు మర్చిపోవద్దు. అవి అందని చోట లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచా అంచుకు సమంగా ఉండాలి, కుప్పగా కాదు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. అత్తగారి మందులు సూట్‌కేసులో కాకుండా నీ చేతిసంచీలోనే ఉండాలి, రెండు రోజులకు ఎక్కువే పెట్టు.

పెద్దదానికి ఒక పూట పూర్తిగా అప్పగించు. ఎటు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్నీ అదే మ్యాపు చూసి చెప్పాలి. దారి తప్పించినా వెంటనే అందుకోకు.

ముందు మీ అత్తగారిని డాక్టర్‌కు చూపించి, ఒకేసారి ఎంతసేపు నడవచ్చో, ఎంత ఎత్తుకు వెళ్లొచ్చో అడుగు. పిల్లల సెలవుల తేదీలు కూడా రాసి పంపు. అవి రెండూ చేతికొచ్చాక ఊరు నిర్ణయిద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ