పొక్కులా, దద్దుర్లా?

సందేహం: మా ఐదేళ్ల బాబుకు కవాసాకి వ్యాధి (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) వచ్చి ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడు. ఆస్పిరిన్ ఇంకా వేస్తున్నాం. మొన్న వీపంతా ఎర్రబడితే డాక్టరుకు ఫోన్ చేసి “పొక్కులు లేచాయి” అన్నాను. ఆయన కంగారుగా “నీళ్లున్నాయా?” అని రెండుసార్లు అడిగారు. తీరా చూసి, ఉత్త ర్యాషే అన్నారు. ర్యాష్‌ను పొక్కులు అనకూడదా? వేళ్ల కొసల్లో ఊడుతున్నదాన్ని ఏమనాలి?

సమాధానం: డాక్టరుగారి కంగారులో న్యాయముంది. పొక్కు అంటే పైకి ఉబ్బిన పొర, లోపల ఏదో ఉన్నట్టు. కాలితే పొక్కుతుంది, రహస్యం కూడా బయటికి పొక్కుతుంది. ఆటలమ్మకు నీటి పొక్కులే గుర్తు. ఆస్పిరిన్ వాడే పిల్లలకు ఆటలమ్మ సోకితే రై సిండ్రోమ్ (Reye's syndrome) అనే ప్రమాదం ఉంది, అరుదే అయినా మెదడుకూ కాలేయానికీ ముప్పు. మీ ఒక్క మాటతో ఆయనకు అదే గుర్తొచ్చి ఉంటుంది.

మరి ర్యాష్‌కు సరైన మాట? ఒక్కటి లేదు, చాలా ఉన్నాయి. ఉబ్బి, దురదపెట్టి, కాసేపటికి అణిగిపోయేవి దద్దుర్లు. తట్టు అంటే దెబ్బకు తేలేది, మీజిల్స్ కూడా. ఏదో తెలియనప్పుడు మా అమ్మ “ఒళ్లు పేలింది” అనేది. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే, రోగం పేరు పెట్టకుండా కనిపించింది చెబుతుంది కనుక. క్రియ చూసినా తేడా తెలుస్తుంది: దద్దుర్లు తేలతాయి, పొక్కులు లేస్తాయి, అమ్మవారు పోస్తుంది. ఫోన్‌లో మాత్రం “ఎర్రగా ఒళ్లు పేలింది, నీళ్లు లేవు, జ్వరం లేదు” అంటే చాలు. జ్వరం మళ్లీ వస్తే ముందు అదే చెప్పండి.

వేళ్ల సంగతి. ఈ జబ్బులో రెండు మూడు వారాలకు గోళ్ల అంచున మొదలై చర్మం ఊడటం మామూలే. అది చుండ్రులా పొడిపొడిగా రాలదు, పొరలుగా లేస్తుంది. కాబట్టి పొలుసులు అనకండి, “పొర ఊడుతోంది” అనండి. తోలు అన్నా తప్పులేదు, చాలా ఊళ్లలో అంతే అంటారు.

మీరు అడగకపోయినా ఒక మాట. ఈ జబ్బును 1967లో వర్ణించిన జపాన్ పిల్లల వైద్యుడు తొమిసకు కవసకి. జపనీస్‌లో ఆ ఇంటిపేరులో అచ్చులన్నీ హ్రస్వాలే. మనకు బైకు పుణ్యమా అని కవాసాకి అలవాటైంది, దాన్ని ఇప్పుడు దిద్దబోను.